నిండుకున్న మాట

మంగళవారం తెల్లవారి ఐదింటికి ముత్తయ్య వచ్చి వాకిట్లో నిలబడేసరికి ప్రేమకుమారి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. ఆమె రోజు అలాగే మొదలవుతుంది. ముందు ఉప్పునీళ్ళు, తర్వాత మిరియాల కషాయం, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట. గొంతు మీద బతికేవాళ్ళకు ఆ మాత్రం నిష్ఠ తప్పదు.

"వందనాలమ్మాయ్," అన్నాడు ముత్తయ్య. చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. "కడపలో మా చెల్లెలు పోయింది. ఇందాకే ఫోనొచ్చింది."

నోట్లో నీళ్ళు ఉమ్మేసి, "అయ్యో బాబాయ్! మొన్న క్రిస్మస్‌కి వచ్చెళ్ళిన మనిషి గదా!" అంది ప్రేమకుమారి.

రేపల్లెలో చర్చి వీధిన ఆమెది మూడో ఇల్లు, అతనిది నాలుగోది. రక్తసంబంధం ఏమీ లేదు, అయినా బాబాయే. దుగ్గిరాల యార్డులో ముప్పై ఏళ్ళు పసుపు బస్తాలు మోసిన మనిషి. ఆ నడుం ఇక నిటారుగా నిలబడనంది, చొక్కాలకు అంటిన పసుపు మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

"సాయంత్రం ఐదింటికి భూస్థాపన అంట. నేను వెళ్ళేదాకా పెట్టె మూయరు. పుట్టింటి చీర పడాలిగా దాని మీద." కవరు తడిమాడు. "మీ పిన్నికని కొన్న చీరాల చీర. ఇంకా మడత విప్పలేదు. ఇప్పుడు బస్సెక్కితే, రెండు మారినా నాలుగింటికల్లా చేరతా. నీకు చెప్పి బయల్దేరదామని వచ్చా."

చెప్పి బయల్దేరదామనుకున్నవాణ్ణి బయల్దేరనిస్తే ఈ కథే ఉండేది కాదు. కానీ ప్రేమకుమారి మంచి మనిషి. మంచితనానికి తోడు ఆమెకు కాస్త గొప్ప కూడా ఉంది.

"ఈ నడుముతో పది గంటలు బస్సులోనా? ఆగు బాబాయ్. మా విమానాల కంపెనీవాళ్ళు నాకు ఏటా నాలుగు పాసులిస్తారు. ఇంతవరకు ఒక్కటీ వాడలేదు. పదీ నలభైకి గన్నవరంలో ఎక్కితే పన్నెండింటికి కడపలో ఉంటావు. నాతోపాటు తెనాలి రా, కంపెనీ వ్యాను ఎక్కిస్తా."

"విమానమా! నాకు ఇంగ్లీషు ముక్క రాదు గదమ్మా, అక్కడ ఎవర్నడగను?"

"ఎవర్నీ అడగొద్దు. నేనే చెబుతా. తెల్ల స్పీకరు కింద కూర్చో. నా గొంతు ఏం చెబితే అది చెయ్యి. కడప విమానం సిద్ధంగా ఉందనగానే లేచి నడువు. అంతే."

అంత దుఃఖంలోనూ ముత్తయ్య ముఖం కాస్త విచ్చుకుంది. ఆమె ఫోనులో పాసు రాయించింది. దారిలో మెసేజీలు అతనికే వెళ్ళాలని అతని నెంబరే ఇచ్చింది. ఆ మెసేజీలు ఇంగ్లీషులో వస్తాయన్న సంగతి ఆ నిమిషాన ఆమెకు తట్టలేదు.

రేపల్లె ప్యాసింజరులో ప్రేమకుమారికి కిటికీ పక్క సీటు ఖాయం. తెనాలి మార్కెట్టుకు పూలు వేసుకెళ్ళే ఆడవాళ్ళు రోజూ జరిగి చోటిస్తారు. పందొమ్మిది నెలల కిందట, బస్టాండు మైకు దగ్గర కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఆమెను తెల్లకొంగ విమానాలవాళ్ళు పిలిచి తీసుకెళ్ళినప్పటి నుంచి ఆ మర్యాద నడుస్తోంది. 'మన రేపల్లె గొంతు ఆకాశంలో మోగుతోంది' అని పాస్టరుగారు ప్రసంగంలో కూడా చెప్పారు. మర్యాదతోపాటు ఈ మధ్య ఎకసెక్కెమూ చేరింది.

"ఏం ప్రేమా, ఇవాళ కొంగ ఎగురుద్దా, ఒంటికాలి మీద జపం చేసుద్దా?" అంది ఒకావిడ మల్లెమొగ్గలు మాలకడుతూ.

విమానం తోక మీద ఒంటికాలిపై నిలబడిన కొంగ బొమ్మ ఉంటుంది. కంపెనీకి ఉన్నవి రెండే విమానాలు. నెల్లాళ్ళుగా ఒకటి ఇంజను మీద గుడ్డ కప్పుకుని నిలబడే ఉంది.

"ఎగురుద్దిలే అక్కా. మా బాబాయి ఎక్కుతున్నాడు ఇవాళ," అంది ప్రేమకుమారి. డబ్బాలో ఉన్నవాళ్ళంతా ముత్తయ్య వంక చూశారు. అతను కవరు గుండెకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు.

ఆఫీసు మారిసుపేటలో, గాజుల షాపు మీద మొదటి అంతస్తు. తెనాలివాడైన చైర్మన్ కరుణాకర్ సొంత ఊళ్ళో పెట్టాలని పట్టుబట్టి పెట్టాడు. ఒకప్పుడు ఇరవై మంది ఫోన్లు ఎత్తిన హాల్లో ఇప్పుడు కంప్యూటరు చూసే బాబీ ఒక్కడే మిగిలాడు. గోడ మీద పెద్ద మ్యాపు. గన్నవరం నుంచి కడపకు, తిరుపతికి, కర్నూలుకు, రాజమండ్రికి ఎర్రదారాలు లాగి గుండుసూదులు గుచ్చారు. బాపట్లకు కూడా ఒక దారం ఉంది. దాని పక్కన 'త్వరలో' అని చీటీ. సూదులు వదులై దారాలన్నీ కిందికి వేలాడుతున్నాయి.

ముత్తయ్యను వ్యాను ఎక్కించి పైకొచ్చి, ప్రేమకుమారి రికార్డింగు గదిలో దూరింది. గది అంటే గోడలకు బొంతలు కొట్టిన కొట్టు. ఫ్యాను కట్టెయ్యాలి, ఫోను కట్టెయ్యాలి, గాజులు తీసి బల్ల మీద పెట్టాలి. ప్రతి అంకెనూ రెండుసార్లు పలకాలి. వాక్యం మధ్యలో వచ్చేది గొంతు ఎత్తి ఒకసారి, చివర వచ్చేది దించి ఒకసారి. ఆ ముక్కల్నే కంప్యూటరు ఏరి అతికించి వాక్యాలు చేస్తుంది. ఇవాళ్టి కాగితం దసరా ఆఫర్లది. ఎగరడానికి విమానం లేదు గానీ ఆఫర్లకేం లోటు లేదు!

బొంత మీద ఇప్పటికీ ఆ గది తెరిచిన రోజు కాగితం పిన్నుతో వేలాడుతోంది. పలకవలసిన మాటల జాబితా అది. అందులో ఒక మాట మీద ఎర్రసిరా గీత. 'రద్దు'. ఆ గీత కొట్టించింది ప్రేమకుమారే. చైర్మను, వాళ్ళ నాన్నగారు, పేపరువాళ్ళు అందరూ అద్దం అవతల నిలబడి చూస్తుండగా ఆమె ఆ మాట దగ్గర ఆగింది.

"సార్, శుభమా అని మొదలుపెడుతూ ఈ మాటెందుకండీ? ఇంట్లో బియ్యం అయిపోతే మా అమ్మ అయిపోయాయననిచ్చేది కాదు. నిండుకున్నాయనాలి అనేది."

కరుణాకర్ బల్ల చరిచాడు. "శభాష్ అమ్మా! మన విమానానికి రద్దు లేదు. ఆలస్యమైతే ఆలస్యం, అంతే!" అందరూ చప్పట్లు కొట్టారు. రూలు కనుక ఇంగ్లీషులో మాత్రం ఆ మాట ఉంచారు. మర్నాడు పేపర్లో అదే వార్త. ప్రేమకుమారి ఆ ముక్క కత్తిరించి బైబిల్లో దాచుకుంది.

ఆఫర్లన్నీ పలికి చెమట తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. ఫోను తెరిస్తే ముత్తయ్య నెంబరు నుంచి తొమ్మిది పిలుపులు.

"బాబీ, కడప వెళ్ళిందా?"

బాబీ తల ఎత్తలేదు. "తొమ్మిదిన్నరకే కేన్సిల్ అక్కా. పైలట్లు రాలేదు. అందరికీ మెసేజీలు వెళ్ళిపోయాయి."

"స్పీకర్లో తెలుగులో ఏం పడింది?"

"ఏం పడుద్ది? ఆ మాట మన దగ్గర లేదుగా. కేన్సిల్ అని కొడితే తెలుగులో ఆలస్యం ఎత్తుకుంటది. అరగంటకోసారి దానంతటదే వస్తా ఉంటది."

ఆమె వెంటనే ఫోను కలిపింది. మొదటి రింగుకే ఎత్తాడు ముత్తయ్య.

"ఆ, అమ్మాయ్! ఇక్కడే ఉన్నా, స్పీకరు కిందే. చాలామంది లేచి వెళ్ళిపోయారు. వేరే విమానాలవాళ్ళేమోలే అనుకున్నా. నువ్వు చెబుతానే ఉన్నావుగా, కదల్లేదు."

అతని మాట వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. నిదానంగా, తీయగా, ఎక్కడా తడబడకుండా. 'కడప వెళ్ళవలసిన తెల్లకొంగ విమానం ఆలస్యముగా బయలుదేరును. మీ సహనానికి కృతజ్ఞతలు.'

"బాబాయ్, లే. అది రాదు. రద్దయింది."

"అదేంటమ్మాయ్? ఇప్పుడేగా ఆలస్యమన్నావు?"

అన్నది తనే.

కడపలో ఐదున్నర దాకా ఆగారట. ఎండ వాలిపోతోందని పాస్టరు తొందరపెట్టాడట. చివరకు అత్తింటివాళ్ళ చీరే కప్పి పెట్టె మూశారు. ఈ సంగతి ముత్తయ్య ఆ సాయంత్రం తన అరుగు మీద కూర్చుని చెప్పాడు. కవరు ఒళ్ళోనే ఉంది. ప్రేమకుమారి మెట్టు మీద కూర్చుంది, అరుగెక్కే ధైర్యం లేక.

"నన్ను తిట్టు బాబాయ్."

"ఎందుకమ్మా తిట్టడం? నువ్వు మంచికే చేశావు." కవరును అరచేత్తో సాపు చేశాడు. "ఒక్కటే బాధ. పుట్టింటివాళ్ళు ఎవరూ రాలేదనుకుని మట్టిలోకి పోయింది గదా పిచ్చిది. వచ్చినోళ్ళు మూడుసార్లు అడిగారంట, అన్న బయల్దేరాడా అని. బయల్దేరాడు, ఆలస్యమంట అని చెప్పుకున్నారంట. ఈ చీరేం చెయ్యాలో తోచట్లా. బతికున్నోళ్ళకి కట్టబెట్టకూడదు."

తిట్టినా బాగుండేదనిపించింది ప్రేమకుమారికి. ఇంటికెళ్ళి కుండలో కూడు ముట్టకుండా పడుకుంది.

బుధవారం పొద్దున ఆమె ఆఫీసు మెట్లెక్కేసరికి కరుణాకర్ వచ్చి ఉన్నాడు. ఎప్పుడూ నలగని తెల్లచొక్కా ఇవాళ నలిగి ఉంది. గాజు పెట్టెలోంచి బొమ్మ విమానం తీసి, దాని ముందరి పంకా రెక్కను వేలితో తిప్పుతున్నాడు.

"రండమ్మా. మీతోనే పని. లీజుకిచ్చినవాళ్ళు రేపు తెల్లారి రెండు విమానాలూ పట్టుకుపోతున్నారు. ఫోను చేసినవాళ్ళకు వినపడేలా ఒక్క ముక్క చెప్పాలి. సాంకేతిక కారణాల వల్ల కొద్దిరోజులు విరామం, త్వరలో మళ్ళీ మొదలవుతాయి, అని."

"త్వరలో మళ్ళీ ఉన్నాయాండీ?"

కరుణాకర్ రెక్క ఇంకో చుట్టు తిప్పాడు. "జనానికి కాస్త ఆశ ఉండాలి కదమ్మా. ఒక్కసారిగా లేదంటే రాళ్ళేస్తారు."

"నిన్న మా బాబాయి నాలుగు గంటలు ఆశతోనే కూర్చున్నాడండి. ఆయన చెల్లెల్ని పూడ్చేశారు." మొత్తం చెప్పింది. గొంతు పెంచకుండా, అంకెలు పలికినట్టే వరసగా చెప్పింది.

అతను నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ మాట చెప్పుకోవాలి, కరుణాకర్ రాక్షసుడేమీ కాదు. తెనాలి నుంచి ఆకాశానికి నిచ్చెన వేద్దామనుకున్న మనిషి, అంతే. నిచ్చెన విరిగినా ఎక్కుతూనే ఉన్నట్టు కనపడాలని అతని తాపత్రయం.

"కానీ అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "ఆ మాట నేను రాసుకొచ్చాను. కొట్టేయించింది మీరు."

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. ప్రేమకుమారి ముఖం నల్లబడింది.

"అవునండి. నేనే. బియ్యం నిండుకున్నాయంటే మా ఇంట్లో అందరికీ తెలిసేదండి, లేవని. మా అమ్మ వెంటనే చేట పట్టుకుని పక్కింటికి నడిచేది. అక్కడ స్పీకరు కింద కూర్చున్నాయనకు ఎలా తెలుస్తుంది? తప్పు నాదే. అందుకే ఇవాళ చెప్పేదీ నేనే."

కొట్టులోకి వెళ్ళి గాజులు తీసింది. ఫ్యాను కట్టేసింది. బాబీ అద్దంలోంచి చైర్మన్ వంక చూశాడు, చైర్మన్ నేల వంక చూశాడు. బాబీ మీట నొక్కాడు. 'రద్దయినది' అని ఆమె ముందు గొంతు ఎత్తి ఒకసారి, తర్వాత దించి ఒకసారి పలికింది. కొత్త మాట కావడంతో రెండోసారి నాలుక కాస్త తడబడింది. మళ్ళీ చెప్పింది. ఆ తర్వాత 'తెల్లకొంగ విమానాలు ఇక లేవు. దయచేసి ఎవరూ ఎదురుచూడవద్దు' అంది.

కరుణాకర్ చెవులకు పెట్టుకున్న ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది వెయ్యలేనమ్మా."

"అయితే నా గొంతు ఏదీ వెయ్యకండి సార్. ఆ ఒక్కటీ చాలు నాకు."

అతను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు గదా పెద్దలు! ఆ సామెతను నమ్ముకుని ప్రేమకుమారి గాజులు వేసుకుని, కషాయం ఫ్లాస్కు చేతపట్టుకుని మెట్లు దిగింది. పని పోయింది. ఇక బస్టాండు మైకు దగ్గరికి తిరిగి వెళ్ళడానికీ లేదు, అక్కడ వేరే అమ్మాయి ఉంది. అయినా రైలెక్కేటప్పుడు ఆమె గుండె కొంత తేలికపడింది. గొంతయినా మిగిలిందనుకుంది.

గురువారం తెల్లవారి ఐదున్నరకు రేపల్లె బస్టాండులో ముత్తయ్య బస్సెక్కాడు. కవరు చంకలో ఉంది. "మట్టి మీదైనా కప్పొస్తా అమ్మాయ్. ఆలస్యమైతే అయింది," అన్నాడు. ఆ మాట అతను మామూలుగానే అన్నాడు. ఆమె మాత్రం తల దించుకుంది. ఆ హడావుడిలో ఆ పొద్దున ఉప్పునీళ్ళు పుక్కిలించనేలేదు.

ఫ్లాస్కు మూత, చర్చి డైరీ, ఒక శాలువా ఆఫీసులోనే ఉండిపోయాయి. తెచ్చుకుందామని ప్యాసింజరెక్కింది. పూలావిడ జరిగి చోటిచ్చింది.

"మళ్ళీ మొదలవుద్దంటగా ప్రేమా! పొద్దున్నే మా అల్లుడు ఫోను కొడితే నువ్వే చెప్పావంట."

"నేనా?"

"నువ్వు కాక ఆకాశవాణా? ఇదుగో విను." ఆవిడ నెంబరు నొక్కి స్పీకరు పెట్టింది.

'నమస్కారం. తెల్లకొంగ విమాన సర్వీసులు అతి త్వరలో ప్రారంభం కానున్నాయి. మీ రాక కోసం ఎదురుచూస్తున్నాము.'

ప్రేమకుమారి వెంటనే పోల్చుకుంది. అది ఆమె పలికిన మొట్టమొదటి వాక్యం. కంపెనీ ఇంకా మొదలుకాక ముందు, బొంతలు కూడా కొట్టక ముందు పలికింది. చివర్లో గాజుల చప్పుడు వినపడుతోంది, ఆ రోజు తీయాలని తెలీదు. గొంతులో నవ్వు కూడా దాచుకోలేకపోయింది. వాళ్ళకు కొత్త అబద్ధంతో పనే లేకపోయింది, పాత నిజమే సరిపోయింది.

"కట్టెయ్యక్కా," అంది. వేమూరు దాటేదాకా కిటికీలోంచి తల తిప్పలేదు.

ఆఫీసు షట్టరు సగం దించి ఉంది. బాబీ కంప్యూటరును ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. ఆమెను చూసి గతుక్కుమన్నాడు. "నన్నేం అనకక్కా. పాతది వెయ్యమన్నారు, వేశా. నాకూ ఇవాళే ఆఖరు." చేతిలో శాలువా పెట్టి, షట్టరు పూర్తిగా లాగి, ఆటోలో కూర్చుని వెళ్ళిపోయాడు.

మెట్ల మీద పది పన్నెండు మంది సామాన్లతో కూర్చుని ఉన్నారు. ఎనిమిదింటి వ్యాను కోసం వచ్చినవాళ్ళు. వారిలో డెబ్భై ఏళ్ళ ఒకావిడ జిప్పు పోయిన సంచీకి తాడు కట్టుకుని, చేతిలో పచ్చడి సీసాతో కూర్చుంది.

"ఎక్కడికండీ?" అడిగింది ప్రేమకుమారి. గొంతు బొంగురుగా వచ్చింది.

"తిరుపతి. నా పేరు రాఘవమ్మ, బాపట్ల మాది. రేపు పొద్దున మా అమ్మాయికి ఆపరేషను. ఇంట్లో ఏడాది పిల్ల ఉంది, చూసే దిక్కు లేదు. వ్యాను ఎప్పుడొస్తుందో నీకేమన్నా తెలుసా అమ్మా?"

"రాదండి. విమానం లేదు. కంపెనీ మూసేశారు. ఇప్పుడు స్టేషనుకెళ్ళి రైలెక్కితే సాయంత్రానికి చేరతారు. లేవండి పెద్దమ్మా."

రాఘవమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వెవరివమ్మా చెప్పడానికి? ఇందాకే ఫోను చేశాం. త్వరలో ప్రారంభం, మీ కోసమే ఎదురుచూస్తున్నాం అని ఆవిడ ఎంత చక్కగా చెప్పింది! ఆవిడ మాట నమ్మనా, దారినపోయే దానివి నీ మాట నమ్మనా?"

"ఆవిడ నేనేనండి."

మెట్ల మీద నవ్వులు లేచాయి. "ప్రైవేటు బస్సులోళ్ళు పంపుంటారు, బేరాలకి," అన్నాడు ఒకాయన సూట్‌కేసు మీంచి లేవకుండానే. "ఆ గొంతెక్కడ, ఈ గొంతెక్కడ!"

ప్రేమకుమారి కదలకుండా నిలబడింది. వెళ్ళిపోవచ్చు. తనకేం పట్టింది, జీతమా, పాడా? కానీ రాఘవమ్మ సంచీని ఒళ్ళోకి లాక్కుని స్థిరంగా సర్దుకుని కూర్చున్న తీరు చూసింది. మొన్న ముత్తయ్య కూడా ఇలాగే కూర్చుని ఉంటాడు.

సంచీలో ఉన్న ఫ్లాస్కులో నిన్నటి కషాయం గుక్కెడు మిగిలింది. చల్లారి చేదెక్కింది. తాగింది. చేతి గాజులు ఒక్కొక్కటే తీసి శాలువాలో చుట్టింది. రెండు మెట్లెక్కి, షట్టరుకు వీపు ఆనించి, గడ్డం కొంచెం పైకెత్తి ఊపిరి తీసుకుంది.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక."

నవ్వులు ఆగిపోయాయి. కింద గాజుల షాపతను బయటికొచ్చి పైకి చూశాడు.

"గన్నవరం నుండి తిరుపతి వెళ్ళవలసిన తెల్లకొంగ విమానం రద్దయినది. కడప వెళ్ళవలసిన విమానం రద్దయినది. కర్నూలు, రద్దయినది. రాజమండ్రి, రద్దయినది." చివరి మాటను ప్రతిసారీ దించే పలికింది, వాక్యం ముగిసేచోట పలికినట్టు. "ఇక ఏ విమానమూ రాదు. దయచేసి ఎవరూ ఎదురుచూడవద్దు."

సూట్‌కేసు ఆయన లేచి నిలబడ్డాడు. ఒకమ్మాయి ఏడుపు మొహంతో ఎవరికో ఫోను కలిపింది. రాఘవమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి నెమ్మదిగా లేచి, దగ్గరికొచ్చి, ప్రేమకుమారి ముఖంలోకి చూసింది.

"నువ్వేనే!" అంది. "ఇంత వివరంగా చెప్పేదానివి, ఈ ముక్క ముందే అనొచ్చు కదే తల్లీ?"

"అనొచ్చండి," అంది ప్రేమకుమారి.

సంచీ అందుకుని, ముసలావిడ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టే దింపసాగింది.